మోకాలి వెనక ధమని ఉబ్బు: పగిలేది తక్కువ, మూసుకుపోయేది ఎక్కువ

మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు కొద్దిగా మడిచి, రెండు బొటనవేళ్లూ చిప్ప మీద ఆనించి, మిగతా వేళ్లన్నీ వెనక గుంటలోకి పోనిచ్చి గట్టిగా నొక్కి పట్టుకోవాలి. అక్కడ నాడి చూసే పద్ధతి అది. మామూలు మనిషిలో ఆ నాడి అంత తేలిగ్గా దొరకదు. కండరాల మధ్య, కొవ్వు కింద, ఎముకను ఆనుకుని లోతుగా ఉంటుంది. అలవాటున్న డాక్టరు కూడా కాసేపు వెతుక్కోవాల్సిందే. అలాంటిది వేళ్లు పెట్టీపెట్టగానే దబదబా కొట్టుకుంటూ, రెండు చేతుల వేళ్లనూ చెరోవైపు నెట్టేస్తూ నాడి తగిలిందంటే అనుమానించాలి. అక్కడి ధమని ఉబ్బి ఉండవచ్చు. దాన్నే పాప్లిటియల్ అన్యూరిజం అంటారు.

పెద్దవయసు మగవాళ్లలో ఈ ధమని 7 నుంచి 9 మి.మీ. లావు ఉంటుంది. దానికి ఒకటిన్నర రెట్లు దాటితే ఉబ్బు అన్నట్టే. చేతులు, కాళ్ల ధమనుల్లో వచ్చే ఉబ్బుల్లో ఎక్కువ భాగం ఇక్కడే వస్తాయి. రోగుల్లో నూటికి 95 మంది మగవాళ్లు, అందులోనూ ఎక్కువగా అరవై దాటినవాళ్లు. రక్తపోటు, గోడల్లో పేరుకునే కొవ్వు, అన్నిటికీ మించి పొగాకు దీనికి తోడ్పడతాయి. దక్షిణ ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం దాకా ఉన్న తెలుగు ఇళ్లలో పొగాకు అంటే సిగరెట్టు ఒక్కటే కాదు. బీడీ, పికా, చుట్ట, అడ్డపొగ, పళ్లకు రాసుకునే గుడాకు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. డాక్టరు ‘సిగరెట్టు తాగుతారా’ అని అడిగితే ‘లేదండీ’ అని నిజమే చెప్పి, జేబులో బీడీకట్టతో బయటికొచ్చేవాళ్లు ఉంటారు. అడగడం సరిగ్గా అడగాలి, చెప్పేవాళ్లూ పూర్తిగా చెప్పాలి.

ఈ ఉబ్బు ఒంటరిగా రావడం తక్కువ. సగం మందిలో రెండో మోకాలి వెనక కూడా ఉంటుంది. మూడో వంతు నుంచి సగం మందిలో పొట్టలోని పెద్ద ధమని కూడా ఉబ్బి ఉంటుంది. కాబట్టి ఒక మోకాలికి డాప్లర్ స్కాన్ (రక్తం పారే తీరును చూసే అల్ట్రాసౌండ్) రాస్తే, అదే రోజు రెండో మోకాలూ, పొట్టా చూడమని అడగండి. పది నిమిషాల పని. పొట్టలో ఉబ్బు బయటపడితే ఏది ముందు సరిచెయ్యాలన్నది వేరే లెక్క. పొట్టలోది బాగా పెద్దదైతే అది ముందు, కాలు ఇప్పటికే చల్లబడుతుంటే కాలు ముందు.

మోకాలి వెనక ప్రతి వాపూ ఇదే అని కాదు. కీళ్లు అరిగినవాళ్లలో కీలులోని నీరు వెనక్కి చేరి సంచి కడుతుంది. దాన్ని బేకర్ సిస్ట్ అంటారు, చాలా మామూలు. ఉబ్బిన ధమని పక్కనున్న సిరను నొక్కితే కాలు వాచి, సిరలో గడ్డకట్టిందేమో అనిపిస్తుంది. నరాన్ని నొక్కితే పిక్కలోనూ పాదంలోనూ తిమ్మిర్లు వచ్చి, నడుము నరం అనుకుంటారు. ఇవన్నీ పొరపడదగ్గవే. పొరపడకూడనిది ఒకటుంది. డాప్లర్ చెయ్యకుండా మోకాలి వెనక వాపులో సూది గుచ్చి నీరు తియ్యకూడదు. నీటిసంచి అనుకున్నది ధమని అయితే ఆ సూది పెద్ద రక్తస్రావానికి దారి తీస్తుంది.

అసలు ప్రమాదం ఎక్కడుంది

పొట్టలో ధమని ఉబ్బితే పగులుతుందని భయం. మోకాలి వెనక ఉబ్బు పగలడం అరుదు, నూటికి రెండు మూడు. ఇక్కడ భయం గడ్డకట్టడం. ఉబ్బిన చోట రక్తం వేగం తగ్గి సుడి తిరుగుతుంది. సంచి లోపలి గోడకు గడ్డ పొరలు పొరలుగా పేరుకుంటుంది. మోకాలు మడిచిన ప్రతిసారీ ఆ సంచి నలుగుతుంది, పొరల్లోంచి ముక్కలు ఊడి కిందికి కొట్టుకుపోతాయి.

మోకాలి కింద ఆ ధమని మూడుగా చీలి పాదానికి వెళ్తుంది. పెద్దకాలువ చివర మూడు పిల్లకాలువలు అనుకోండి. చెత్త కొట్టుకొచ్చి ఒకటి పూడితే పొలానికి తెలియదు, మిగతా రెండూ తడుపుతాయి. రెండోది పూడితే నడిచినప్పుడు పిక్క పట్టేస్తుంది, కూర్చుంటే తగ్గుతుంది. దాన్ని వయసు మీదకీ, కీళ్లవాతం మీదకీ తోసేస్తారు. మూడోది పూడినా, సంచే మొత్తంగా మూసుకుపోయినా ఆ పూట పాదం చల్లబడి తెల్లబోతుంది. నొప్పి లేదని ఏళ్ల తరబడి ఊరుకున్న కాలు ఒక్క రాత్రిలో పోయే స్థితికి రావడం ఇలాగే.

చికిత్స అంతా ఈ పిల్లకాలువల చుట్టూనే తిరుగుతుంది. పైన ఎంత మంచి బైపాస్ (పక్కదారి) వేసినా, ఎంత ఖరీదైన స్టెంట్ (ధమని లోపల తొడిగే గొట్టం) పెట్టినా, నీరు వెళ్లే దారి కింద లేకపోతే అదీ గడ్డకట్టి మూసుకుంటుంది. అందుకే నిర్ణయానికి ముందు డాప్లర్‌తో ఆగకుండా, రంగుమందు ఎక్కించి తీసే సీటీ యాంజియో కావాలి. ఉబ్బు ఎంత, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, లోపల గడ్డ ఎంత, కింద ఎన్ని దారులు తెరిచి ఉన్నాయి అన్న నాలుగూ అందులో తెలుస్తాయి. దానికి ముందు కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష చెయ్యాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి.

ఎప్పుడు చెయ్యాలి

లక్షణాలేవీ లేకపోయినా 2 సెం.మీ. చేరిన ఉబ్బును సరిచెయ్యడం మేలని అమెరికా రక్తనాళ సర్జన్ల సంఘం 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతాయి. గుండె, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని ఆపరేషన్ ప్రమాదమైతే, ముఖ్యంగా లోపల గడ్డ లేకపోతే, 3 సెం.మీ. దాకా ఆగవచ్చు. 2 సెం.మీ. కంటే చిన్నదైనా లోపల గడ్డ ఉండి, కింద దారులు మూసుకుపోతున్న గుర్తులుంటే కొలత కోసం ఎదురుచూడకూడదు. కాలికి ఏ లక్షణం వచ్చినా కొలతతో పనిలేదు, చెయ్యాల్సిందే. చిన్నదిగా, శుభ్రంగా ఉన్నవాటికి ఏడాదికోసారి డాప్లర్ చాలు. ఈలోగా రోజూ ఆస్పిరిన్ 75 మి.గ్రా., కొలెస్ట్రాల్‌కు స్టాటిన్, రక్తపోటు అదుపు, పొగాకు మానడం ఉండాలి. మందులతో ఉబ్బు కరగదు. ఆకులు కట్టినా, మర్దనా చేసినా అంతే. మర్దనా అయితే లోపలి గడ్డ ముక్కలను ఊడగొడుతుంది కూడా.

మార్గదర్శకాలు రాసేవాళ్లు అంబులెన్సు అరగంటలో వచ్చే ఊళ్లను దృష్టిలో పెట్టుకుంటారు. మా ఉద్దేశంలో ఇటువైపు వాళ్లకు ఆ లెక్క ఇంకాస్త బిగుతుగా ఉండాలి. రాయగడ నుంచి విశాఖపట్నం సుమారు 200 కిలోమీటర్లు. జయపురం వాళ్లు ఘాట్ దిగి సాలూరు మీదుగా రావాలి. రక్తం పూర్తిగా ఆగిన కాలిలో నరం, కండరం ఆరు గంటలు దాటితే తిరిగి కోలుకోవడం కష్టం. వాహనం దొరకడం, దారి, చేరాక స్కాన్ అన్నీ కలిపితే ఆ ఆరు గంటలూ దారిలోనే అయిపోతాయి. అందుకే 2 సెం.మీ. ఉబ్బులో గడ్డ కూడా కనిపిస్తే, ‘నొప్పి వచ్చాక చూద్దాం’ అనే మాట బరంపురంలో ఉన్నవాళ్లకు ఎంత చెల్లుతుందో చెప్పలేం కానీ, లోపలి ఊళ్లవాళ్లకు చెల్లదు.

కోసి చేసే ఆపరేషన్

1785 డిసెంబరులో లండన్‌లో జాన్ హంటర్ అనే సర్జన్ మోకాలి వెనక ఉబ్బుతో వచ్చిన 45 ఏళ్ల గుర్రబ్బండివాడికి తొడలో ధమనిని కట్టేశాడు. అంతవరకూ ఆ జబ్బుకు ఎక్కువగా కాలు తీసెయ్యడమే దారి. కట్టిన ధమని చుట్టూ ఉన్న చిన్న నాళాలు పాదానికి రక్తం అందించాయి, బండివాడు లేచి మళ్లీ పనిలోకి వెళ్లాడు. తొడలో ఆ చోటును ఇప్పటికీ హంటర్ కాలువ అనే అంటారు. ఇప్పటి ఆపరేషన్‌లోనూ ధమనిని కట్టడం ఉంది. కాకపోతే కట్టి వదిలెయ్యరు, పక్కనుంచి కొత్త దారి వేస్తారు.

ఆ కొత్త దారికి మనిషి సొంత సిరను మించింది లేదు. చీలమండ లోపలివైపు నుంచి గజ్జ దాకా చర్మం కిందే సాగే పెద్ద సాఫినస్ సిర అందుకు పనికొస్తుంది. ముందురోజు డాప్లర్‌తో దాని దారంతా చర్మం మీద పెన్నుతో గీసుకుంటారు. కనీసం 3 మి.మీ. లావుండాలి. సిరలో రక్తం గుండెవైపే పోవడానికి లోపల కవాటాలుంటాయి. అందుకని తీసిన సిరను తిరగేసి, కిందికొస పైకీ పైకొస కిందికీ పెట్టి కుడతారు. అలా పెట్టకపోతే ఆ కవాటాలే రక్తాన్ని ఆపేస్తాయి. గుండె బైపాస్‌కు ఆ సిర ఇచ్చేసినవాళ్లకూ, ఉబ్బునరాలకు లేజర్ చేయించుకున్నవాళ్లకూ అది మిగలదు. అప్పుడు రెండో కాలిదో, చేతి సిరో వెతకాలి. అదీ లేకపోతే పీటీఎఫ్‌ఈ అనే కృత్రిమ గొట్టం. మోకాలు దాటి కిందికి వెళ్లే బైపాస్‌లో ఈ గొట్టం సిర నిలిచినంతకాలం నిలవదు. చీము పడితే మొత్తం తియ్యాల్సి వస్తుంది. ఉబ్బు ఉందని తెలిసిన మనిషికి సెలైన్ సూది చీలమండ దగ్గర పెట్టించకండి. పాడయ్యేది రేపు కావాల్సిన సిరే.

కోతలు రెండు రకాలు. మొదటిది లోపలివైపు నుంచి. మోకాలికి పైన ఒకటి, కింద ఒకటి కోసి, ధమనిని ఉబ్బుకు పైనా కిందా కట్టేసి, సిరను కండరాల మధ్య నుంచి దాటించి రెండు చివర్లా కుడతారు. పొడవైన ఉబ్బుకూ, తొడలోకి పాకినదానికీ ఇదే అనువు. దీనిలో లోపమేమిటంటే సంచి అలాగే మిగిలిపోతుంది. మోకీలు చుట్టూ ఉన్న చిన్న కొమ్మల్లోంచి వెనక్కి రక్తం వస్తూ, కొందరిలో ఏళ్ల తర్వాత ఆ సంచి మళ్లీ పెరుగుతుంది. బైపాస్ బాగుందని స్కాన్ అక్కడితో ఆపేస్తే ఇది తెలియదు.

రెండోది వెనక నుంచి. బోర్లా పడుకోబెట్టి, మడత దగ్గర ఎస్ ఆకారంలో కోస్తారు. నిలువుగా కోస్తే మానాక మచ్చ బిగిసి కాలు చాపనివ్వదు. పైన అడ్డంగా ఉన్న నరాన్నీ సిరనూ జాగ్రత్తగా పక్కకు జరిపి, సంచిని తెరిచి, గడ్డంతా తీసేసి, గోడలో తెరిచి ఉన్న కొమ్మల నోళ్లను లోపలి నుంచే కుట్టేసి, మధ్యలో సిర ముక్క అతుకుతారు. నరాన్నో సిరనో నొక్కుతున్న పెద్ద ఉబ్బుకు ఇది మంచిది, తిరిగి పెరిగే బాధ తక్కువ. ఉబ్బు మోకాలి వెనకకే పరిమితమై ఉండాలి, తొడపైకి పోతే చెయ్యి అందదు.

వెన్నులో ఇచ్చే మత్తు సరిపోతుంది చాలామందికి. అయితే రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ మాత్రలు వాడుతుంటే 5 నుంచి 7 రోజుల ముందు ఆపాలి. ఇది ఎవరో ఒకరు మరిచిపోయి, ఆపరేషన్ బల్ల దాకా వెళ్లి వాయిదా పడుతుంది. ఎప్పుడు ఆపాలో కాగితం మీద రాయించుకోండి. ఆస్పిరిన్ మాత్రం సాధారణంగా ఆపరు. ధమనికి బిగింపు పెట్టే ముందు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. ఆసుపత్రిలో వారం లోపు ఉంటుంది, కుట్లు పన్నెండు పద్నాలుగు రోజులకు తీస్తారు. కాలు వాపు రెండు మూడు నెలలు ఉండటం మామూలే. పిక్క లోపలివైపు చర్మం మొద్దుబారినట్టుంటే అది సిర తీసేటప్పుడు నలిగిన నరం వల్ల. ఎక్కువగా ఇబ్బంది పెట్టేది తొడమీద సిర తీసిన గాయం. షుగరు ఉన్నవాళ్లలో అది చీము పట్టి, అసలు ఆపరేషన్ కంటే అదే ఎక్కువ రోజులు తింటుంది.

స్టెంట్, గొంతుక్కూర్చోవడం

గజ్జలో చిన్న రంధ్రం నుంచి ఉబ్బు లోపలికి ఒక గొట్టాన్ని పంపి తెరవడం మూడో దారి. లోహపు జాలీకి గుడ్డలాంటి పూత కలిపి చేసిన స్టెంట్ గ్రాఫ్ట్ అది. మామూలు గుండె స్టెంట్ కాదు. రక్తం గొట్టంలోంచి పోతుంది, సంచి బయట ఉండి గడ్డకట్టి ముడుచుకోవాలి. ఇది పట్టి నిలవాలంటే ఉబ్బుకు పైనా కిందా సుమారు 2 సెం.మీ. చొప్పున బాగున్న ధమని కావాలి. గొట్టం ధమని కంటే 10 నుంచి 15 శాతం లావుగా ఉండాలి. తక్కువైతే పక్కనుంచి కారుతుంది, మరీ ఎక్కువైతే లోపల ముడతపడి గడ్డకు చోటిస్తుంది. కింద కనీసం ఒక్క దారి, రెండైతే నయం. ఒక గొట్టం చాలకపోతే రెండు తొడుగుతారు. ఆ అతుకు సరిగ్గా మడత దగ్గర పడకుండా చూసుకోవాలి. చివర్లో కాలు మడిపించి మళ్లీ యాంజియో తీసి చూడని స్టెంట్‌ను సగం పని కిందే లెక్కేస్తాం.

ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్లవచ్చు, కోత గాయాలు ఉండవు. గుండె బలహీనంగా ఉన్న ఎనభై ఏళ్ల మనిషికి ఇది వరమే. మరి అందరికీ ఎందుకు పెట్టరు? మోకాలు రోజంతా మడుచుకుంటూ చాచుకుంటూ ఉండే కీలు. కుర్చీలో కూర్చుంటే 90 డిగ్రీలు. గొంతుక్కూర్చుంటే 120 దాటుతుంది. అంత మడతలో సొంత సిర విల్లులా మెత్తగా వంగుతుంది. లోహపు గొట్టం పొలానికి నీళ్లు పెట్టే పైపులా ఒక్కచోట మడత పడుతుంది. రోజూ అదే చోట మడిస్తే జాలీ తీగ విరుగుతుంది, రక్తం ఆగి గడ్డకడుతుంది.

బరంపురం పట్టు నేసే దేవాంగుల ఇళ్లలో గుంటమగ్గం మీద గంటల తరబడి కాళ్లు గుంటలో ఆడించే మనిషికీ, నాట్లు వేసే రైతుకూ, నేల మీద బాసింపట్టు వేసుకుని భోంచేసే పెద్దాయనకూ, ఇంట్లో కింద కూర్చునే మరుగుదొడ్డి మాత్రమే ఉన్నవాళ్లకూ స్టెంట్ పెట్టేముందు ఈ ప్రశ్న అడిగి తీరాలి. ‘రోజుకు ఎన్నిసార్లు గొంతుక్కూర్చుంటారు?’ ఈ ప్రశ్న సర్జన్ అడక్కపోతే మీరే చెప్పండి. స్టెంట్ పెట్టుకున్నాక కమోడ్, కుర్చీ, మంచం ఎత్తు మారాలి. మారదనుకుంటే సిర బైపాసే మంచిది. ఆ తర్వాత ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ 75 మి.గ్రా. నెలల తరబడి వాడాలి. మాత్రలు అయిపోయి రెండు వారాలు సంతకు వెళ్లలేదన్న సాకుకు స్టెంట్ లొంగదు.

ఐదేళ్లకు మించి ఆయుష్షు ఉందనిపించి, మంచి సిర ఉన్నవాళ్లకు కోసి చెయ్యడమే ముందువరస. ఆయుష్షు తక్కువనిపించినవాళ్లకూ, ఆపరేషన్ తట్టుకోలేనివాళ్లకూ, సిర లేనివాళ్లకూ స్టెంట్. హఠాత్తుగా మూసుకుపోయిన కాలికి స్టెంట్ పెట్టిన చోట ఏడాదికి ఫలితాలు బైపాస్ కంటే బాగా వెనకబడి ఉన్నాయని స్వీడన్ జాతీయ రిజిస్ట్రీ చూపించింది. ఖర్చు సంగతి కూడా చెప్పాలి. స్టెంట్‌లో బిల్లు బరువంతా ఆ గొట్టానిదే, గదిదీ మనుషులదీ కాదు.

రాత్రికి రాత్రి పాదం చల్లబడితే

హఠాత్తుగా నొప్పి, పాదం తెల్లబడటం, చల్లబడటం, నాడి దొరక్కపోవడం, మొద్దుబారడం, వేళ్లు కదలకపోవడం గుర్తులు. చివరి రెండూ కాలం మించుతోందని చెప్పేవి. ఇసుక కాపడం పెట్టకూడదు. మొద్దుబారిన చర్మం కాలినా తెలియదు. నూనె మర్దనా వద్దు. కాలు దిండు మీద ఎత్తి పెట్టవద్దు, మంచం మట్టానికి కాస్త కిందికే ఉండాలి. దూదీ గుడ్డా వదులుగా చుట్టండి. మొదలైన టైము రాసుకోండి.

దగ్గరి ఆసుపత్రిలో డాక్టరు చెయ్యగల మంచి పని ఒకటుంది. రక్తస్రావం భయం లేకపోతే హెపారిన్, పెద్దవాళ్లకు సాధారణంగా 5000 యూనిట్లు, సిరలోకి ఇచ్చి పంపడం. గడ్డ కరగదు గానీ ముందుకు పాకదు. బయల్దేరేముందు ఫోన్ చెయ్యండి. వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్ ఈ రాత్రి ఉన్నారా, సీటీ నడుస్తోందా? పెద్ద బోర్డున్న ప్రతిచోటా ఆ సర్జన్ ఉండరు. తప్పు గేటు దగ్గర ఆగితే రెండు గంటలు పోతాయి. అంబులెన్సు రాష్ట్ర సరిహద్దు దాటుతుందా అన్నదీ అప్పుడే అడగాలి.

చేరాక కాలి స్థితిని బట్టి దారి మారుతుంది. వేళ్లలో స్పర్శ కాస్త తగ్గినా కదలిక ఉంటే టైముంది. సన్నని గొట్టం గడ్డలోకి పోనిచ్చి, గడ్డ కరిగించే ఆల్టెప్లేజ్ మందును గంటకు 0.5 నుంచి 1 మి.గ్రా. చొప్పున వదులుతారు. ఒకటి రెండు రోజుల్లో పిల్లకాలువలు తెరుచుకుంటే, ఆగకుండా అసలు ఉబ్బును సరిచేస్తారు. ఈమధ్య పక్షవాతం వచ్చినవాళ్లకూ, పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకూ ఈ మందు పనికిరాదు, మెదడులో రక్తస్రావం కావచ్చు. కదలిక తగ్గిపోయిందంటే అంత టైము లేదు, నేరుగా ఆపరేషన్. పిక్క రాయిలా బిగిసి, కదలిక, స్పర్శ రెండూ పోయి, డాప్లర్‌లో ధమని చప్పుడూ సిర చప్పుడూ లేకపోతే కాలు తీసెయ్యడమే ప్రాణానికి మంచిది. చచ్చిన కండరంలోకి మళ్లీ రక్తం వదిలితే పొటాషియం పెరిగి గుండె ఆగవచ్చు, కిడ్నీలు దెబ్బతింటాయి.

రక్తం తిరిగి పారాక పిక్క ఉబ్బుతుంది. పొరల మధ్య ఒత్తిడి పెరిగితే తెరుచుకున్న కాలు మళ్లీ పోతుంది. అందుకని పిక్క రెండు పక్కలా పొడుగ్గా కోసి అక్కడి కండరాల నాలుగు అరలనూ వదులు చేస్తారు. ఆ కోతలు చూసి ఇంట్లోవాళ్లు హడలిపోతారు. అది కాలు నిలబెట్టే కోత. కొన్ని రోజులకు కుట్టేస్తారు, లేదంటే తొడ చర్మం అతుకుతారు. మూత్రం నల్లటీ రంగుకు తిరిగితే నర్సుకు వెంటనే చెప్పాలి.

తర్వాత

మొదటి ఏడాది 3, 6, 12 నెలలకు డాప్లర్, చీలమండ రక్తపోటు పరీక్ష. అన్నీ బాగుంటే ఆపైన ఏడాదికోసారి. సిర బైపాస్‌లో ఇరుకు పడేది తరచుగా మొదటి ఏడాదిలోనే. మూసుకోకముందు కనబడితే బెలూన్‌తో సరి, మూసుకున్నాక మళ్లీ మొదటికి. స్కాన్ చేసేవారిని గ్రాఫ్ట్ (వేసిన కొత్త దారి)తో పాటు పాత సంచి కొలత, రెండో మోకాలు, పొట్టా రాయమనండి.

2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలోనూ ఆయుష్మాన్ భారత్ నడుస్తోంది. ఆ కార్డు వేరే రాష్ట్రంలోని ప్యానెల్ ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. ఆంధ్రప్రదేశ్ ఎన్‌టీఆర్ వైద్యసేవ మాత్రం ఆ రాష్ట్రం కార్డుదారులకే. ఫలానా ఆసుపత్రి రక్తనాళాల విభాగం ఆ ప్యానెల్‌లో ఉందా, స్టెంట్ ఖర్చు అందులో కలుస్తుందా అని ముందే అడిగి, అనుమతి వచ్చాకే చేరండి. సరిహద్దు దాటేటప్పుడు సంచిలో సీటీ యాంజియో సీడీ ఉండాలి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. సర్జన్ కొలుచుకునేది బొమ్మల మీదే. సీడీ లేకపోతే మళ్లీ రంగుమందు, మళ్లీ క్రియాటినిన్, మళ్లీ ఒక పూట.